లక్కపలక మీది గొంతు

గత సంవత్సరం ఒకనాడు తరగతి ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి నా వెంట అధ్యాపకుల గది దాకా వచ్చి, కొంత సంకోచిస్తూ ఒక ప్రశ్న వేశాడు. "సార్, మీరు పాత గ్రామఫోను ప్లేట్లు డబ్బు పోసి కొంటారట గదా! ఆ పాటలన్నీ ఫోనులో ఊరికే వస్తున్నాయి. పైగా ఒకే పాటకు తొలి అచ్చు అనీ, మలి అచ్చు అనీ వెలలో అంత తేడా ఎందుకు సార్?" ఆనాడు నవ్వి, ఏదో చెప్పి పంపివేశాను. కాని ఆ ప్రశ్న నన్ను వెన్నాడుతూనే ఉన్నది. దానికి సమాధానం చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పును కూడా ఒప్పుకోవాలి. అందుచేతనే ఆనాడు తప్పించుకున్నాను. ఈ వ్యాసం ఆ విద్యార్థికి నేను బాకీపడిన సమాధానం.

మాది పులికాట్ సరస్సు ఒడ్డు. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే దారిలో ఇరువైపులా ఉప్పునీటి విస్తీర్ణం కనుచూపు మేర పరచుకొని ఉంటుంది. ఇంతకాలం నెల్లూరు జిల్లాలో ఉండిన ఆ ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. చలికాలం వస్తే నీటి అంచున ఫ్లెమింగో పక్షులు బారులు తీరి నిలుస్తాయి. సరస్సుకు దక్షిణపు కొసన, తమిళదేశంలో పులికాట్ పట్టణం ఉన్నది. 17వ శతాబ్దిలో డచ్చివారు అక్కడ కోట కట్టుకొని, ఈ తీరపు నేతబట్టలను సముద్రాల కావలికి పంపారు. మా నానా, అంటే మా అమ్మీ తండ్రిగారు, లుంగీల వ్యాపారి. సరుకు కోసం నెలకొకసారి మద్రాసు వెళ్లేవారు. తిరిగి వచ్చేటప్పుడు లుంగీల మూటతో పాటు, మూర్ మార్కెట్టులో బేరమాడి కొన్న పాత ప్లేట్లు ఒకటో రెండో, బట్టల మడతల మధ్య భద్రంగా దాచి తెచ్చేవారట. 1985లో ఆ మార్కెట్టు కాలిపోయిందన్న వార్త విన్ననాడు ఆయన అన్నం ముట్టలేదని అమ్మీ ఇప్పటికీ చెబుతుంది.

నా చిన్ననాటికి ఇంటింటా టేపురికార్డర్లు వచ్చివేశాయి. అయినా నానా తన పెట్టె గ్రామఫోనును వదలలేదు. సాయంకాలం దుకాణం కట్టి వచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కొని, వరండాలో చాప పరచి, కీ ఇచ్చి, ప్లేటు పెట్టేవారు. పాటలు వినడం తగునా, తగదా అన్న చర్చ మా బంధువుల్లో లేకపోలేదు. నానా ఎవరితోనూ వాదించేవారు కారు. అజాన్ వినబడగానే పాట ఏ చరణంలో ఉన్నా సరే, సౌండు బాక్సును మెల్లగా పైకెత్తి పక్కన పెట్టేవారు. నమాజు ముగించి వచ్చిన తరువాత ఆ ప్లేటును మళ్లీ మొదటి నుండి వేసేవారు. సగం నుండి వినడం పాడినవారికి అగౌరవమని ఆయన అభిప్రాయం.

ఆయన పెట్టెలో ముప్ఫైకి పైగా ప్లేట్లుండేవి. కపిలవాయి రామనాథశాస్త్రి గారి నాటక పద్యాలు, జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు రచించగా ఘంటసాల గారు గానం చేసిన 'పుష్పవిలాపం', సైగల్ పాటలు, కొన్ని ఖవ్వాలీలు. వీటి మధ్య ఒకే ఒక్క ఇంగ్లీషు ప్లేటు. దాని మీద లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అన్న పేరుండేది. నాకు పదేళ్లప్పుడు దానిని మొదటిసారి విన్నాను. ట్రంపెట్టు ఒక స్వరం మీద నిలిచి, వణికి, ఉన్నట్టుండి పైకి లేచింది. ఆ తరువాత బొంగురు గొంతు ఒకటి నవ్వుతున్నట్లుగా పాడింది. ఇదేమి పాట అని నానాను అడిగాను. "నాకు మాటలు తెలియవు బేటా. కాని ఇది మన చినమౌలానా సాహెబు నాదస్వరం వంటిదే. ఊపిరి మీద నడిచే విద్య" అన్నారు. కరవది గ్రామంలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారి పేరు ఎత్తినప్పుడల్లా నానా గొంతులో ఒక గర్వం తొంగిచూసేది. జాజ్ అనే మాట నేను విన్నది ఆ తరువాత ఎన్నో ఏళ్లకు. తిరుపతిలో ఎం.ఏ. చదివే రోజుల్లో ఆ సంగీతాన్ని గురించి దొరికినదల్లా చదివాను. ఉద్యోగం వచ్చిన తరువాత, జీతంలో కొంత మిగిల్చి ప్లేట్లు కొనడం ప్రారంభించాను.

తొలి అచ్చు విలువ తెలియాలంటే ప్లేటు ఎట్లా తయారయ్యేదో ముందు తెలియాలి. పాడేవారి ఎదుట మైనపు పళ్లెం ఒకటి తిరుగుతూ ఉండేది. ధ్వని కదలికను బట్టి ఒక సూది దానిపై గాడి కోసేది. 1925కు పూర్వం విద్యుత్తు సాయం లేదు. పెద్ద కొమ్ముబూర ఎదుట నిలబడి పాడవలసిందే. ఆ మైనం మీద లోహపు పూత పెంచి వేరుచేస్తే, గాడి ఉన్నచోట గట్టు కలిగిన లోహపు పలక వచ్చేది. కర్మాగారాలలో దానిని 'తండ్రి' అనేవారు. తండ్రి నుండి 'తల్లి'ని, తల్లి నుండి అచ్చుదిమ్మెను తయారుచేసేవారు. ఆ దిమ్మెల నడుమ వేడి లక్కముద్దను పెట్టి నొక్కితే ప్లేటు. ఒక దిమ్మె కొన్ని వందల ప్లేట్లు నొక్కేసరికి అరిగిపోతుంది. అప్పుడు తల్లి నుండి మరొక దిమ్మె తీయాలి. కొన్నేళ్లకు తల్లి కూడా పాడైతే, ఒక్కొక్కప్పుడు ప్లేటును చూచి మరొక ప్లేటు తయారుచేసిన సందర్భాలూ ఉన్నాయి. ప్రతి మెట్టులోనూ గొంతులోని సన్నని జీర, వాద్యం చివరి కంపనం, కొంచెం కొంచెంగా రాలిపోతాయి.

ఆ లక్క మన దేశపు లక్కే. ఛోటానాగపూర్ అడవులలో చెట్ల కొమ్మల మీద పురుగులు కట్టిన లక్కను శుద్ధిచేసి, ఓడలకెక్కించి, ప్రపంచమంతటికీ పంపేవారు. ప్లేటులో లక్క కొంతభాగమే. తక్కినది రాతిపొడి, దూది పీచు, మసి. రెండవ ప్రపంచయుద్ధకాలంలో లక్క దిగుమతి తగ్గిపోగా, 1942లో అమెరికాలో జనుల వద్ద పాత ప్లేట్లు సేకరించి, కరగించి, కొత్తవి చేశారు. ఆ కరగిన వాటిలో ఎన్ని గొంతులు పోయాయో లెక్క చెప్పగలవారు లేరు. న్యూయార్కులోని ఒక సంపన్నుడు వేల డాలర్లు పోసి కొన్న తొలి అచ్చులోనూ మన అడవి పురుగు కట్టిన లక్క ఉండి ఉంటుందన్న ఊహ నాకు ఎప్పుడూ ఒక చిరునవ్వు తెప్పిస్తుంది.

మన దేశంలో ఈ విద్య 1902లో మొదలైంది. ఆ సంవత్సరం నవంబరులో ఫ్రెడరిక్ గైస్‌బర్గ్ అనే ధ్వనిముద్రకుడు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటను పట్టుకున్నాడు. మైనపు పళ్లేలను జర్మనీలోని హానోవర్‌కు పంపి అచ్చు వేయించేవారు. అక్కడివారికి పాడినది ఎవరో తెలియాలి గనుక, పాట చివర ఆమె తన పేరును ఇంగ్లీషులో ప్రకటించేది. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారం వెలిసింది. తరువాత అది డమ్‌డమ్‌కు మారింది. మన పద్యనాటకాల ప్లేట్లూ, తెలుగు సినిమా పాటలూ ఎన్నో అక్కడ అచ్చయినవే. విదేశాల నుండి లోహపు పలకలు తెప్పించి జాజ్ ప్లేట్లు కూడా మన దేశంలో అచ్చు వేశారు. నానా కొన్న ఆర్మ్‌స్ట్రాంగ్ ప్లేటు అటువంటిదే.

ఈ సంగతి తెలిసిననాడు నాకు కొంచెం నిరుత్సాహం కలిగిన మాట నిజం. నానా ప్లేటు తొలి అచ్చు కాదు! అమెరికాలో పుట్టి, సముద్రం దాటి వచ్చిన పలక నుండి తీసిన మలి అచ్చు. అప్పుడు నాకు ఒక పోలిక తోచింది. ఉర్దూ విభాగంలోని మిత్రులు మన్నించాలి. పవిత్రమైన ఒక శాస్త్రాన్ని పాటలతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు, దాని పద్ధతిని మాత్రమే అరువు తెచ్చుకుంటున్నాను. హదీసు విద్యలో సనద్ అని ఒకటి ఉన్నది గదా. ఎవరు ఎవరి నోట విన్నారో చెప్పే పరంపర అది. నడుమ ఉండే రావీల సంఖ్య తక్కువైతే అది ఆలీ సనద్, ఉన్నతమైనది. ఒక్క మెట్టు తగ్గించుకొనడానికి పూర్వపు పండితులు నెలల తరబడి ప్రయాణాలు చేశారు. తొలి అచ్చు కోసం సేకర్తలు పడే ఆరాటానికి మూలం కూడా ఇటువంటిదే. గాయకునికీ వినేవానికీ నడుమ ఎన్ని చేతులు మారాయి అన్నదే వారి ప్రశ్న.

కాని ఆ శాస్త్రమే మరొక మాట కూడా నేర్పుతుంది. పరంపర పొట్టిదైనంత మాత్రాన చాలదు. అందులోని ప్రతి రావీ విశ్వసనీయుడై ఉండాలి. వందలసార్లు మొద్దు ముల్లుతో గీకబడి, గాడి అంతా బూడిదరంగుకు తిరిగిన తొలి అచ్చు, పొట్టి పరంపరలోని జ్ఞాపకశక్తి చెడిన రావీ వంటిది. జాగ్రత్తగా తీసి, జాగ్రత్తగా దాచిన మలి అచ్చు ఒక్కొక్కప్పుడు దానికంటె నమ్మదగినది. ఇది తెలిసిన తరువాత నానా ప్లేటు పట్ల నా గౌరవం తిరిగి వచ్చింది. ప్రతిసారీ కొత్త ముల్లు మార్చి వాయించిన ప్లేటు అది. దాని గాడి ఇప్పటికీ నల్లగా మెరుస్తూ ఉన్నది.

తొలి అచ్చును గుర్తుపట్టడం ఒక చిన్న శాస్త్రమే. పాట ముగిసిన చోటికీ లేబులుకూ నడుమ నున్నని వలయం ఉంటుంది. అసలు సమాచారం అక్కడే ఉన్నది. 1939లో న్యూయార్కులో స్థాపితమైన బ్లూ నోట్ అనే జాజ్ సంస్థను తీసుకుందాం. 1950లనాటి దాని లాంగ్ ప్లే రికార్డుల మీద, రూడీ వాన్ గెల్డర్ అనే ధ్వనిముద్రకుని గుర్తు ఆ వలయంలో కనబడుతుంది. ప్లాస్టిలైట్ అనే కర్మాగారంలో అచ్చయినవాటికి ఇంగ్లీషు 'పి' అక్షరం వంటి చిన్న గుర్తు ఉంటుంది; చూడడానికి చెవిలా ఉన్నదని సేకర్తలు దానిని 'చెవి' అనే అంటారు. లేబులు మీది చిరునామా మారినకొద్దీ అచ్చు కాలం తెలుస్తుంది. 1960ల నడుమ ఆ సంస్థ మరొకరి చేతికి పోయింది. తరువాతి అచ్చులలో ఆ చెవి కనబడదు. తాళపత్రాలలో పాఠాంతరాలను పోల్చి, ఏది మూలానికి దగ్గరగా ఉన్నదో తేల్చడం తెలుగు ఎం.ఏ.లో మాకు నేర్పారు. ఆ చదువు నాకు ఇక్కడ ఇంతగా ఉపకరిస్తుందని మా గురువులు ఊహించి ఉండరు.

బజారు వెల వేరు, ఈ విలువ వేరు అని కూడా చెప్పాలి. ఇతర దేశాలు 78 వేగపు ప్లేట్లు మానివేస్తున్న కాలంలో, 1960ల నడుమ, మన దేశంలో బీటిల్స్ పాటలు ఆ వేగంలో అచ్చయ్యాయి. కీ గ్రామఫోన్లు మన ఇండ్లలో ఇంకా ఉండడమే అందుకు కారణం. ఇవాళ విదేశీ సేకర్తలు వాటికి ఎంత వెలైనా పెడతారు. ధ్వని దృష్ట్యా అవి మూలానికి దగ్గర అయినవి కావు, అరుదైనవి, అంతే. అరుదు వేరు, ఆది వేరు. కొనేవారు ఈ భేదాన్ని మరువరాదు.

వీటన్నిటికంటె పెద్ద సంగతి ఒకటి ఉన్నది. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు రిచ్‌మండ్ పట్టణంలో, పియానోలు తయారుచేసే ఒక సంస్థ జెన్నెట్ అనే పేరుతో ప్లేట్లు వేసేది. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. రైలు వస్తే పాట ఆపవలసిందే. 1923లో కింగ్ ఆలివర్ బృందం అక్కడ వాయించింది. అందులో రెండవ వాద్యకారుడుగా యువకుడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నాడు. అతని ఊదు ప్లేటుకెక్కడం అదే మొదలు. ఆ బృందం వాయించిన వాటిలో జెన్నెట్ 5275 సంఖ్య గల ప్లేటుకు ఇప్పుడు తెలిసినంతలో ఒక్క ప్రతి మాత్రమే మిగిలి ఉన్నది. లోహపు పలకలు లేవు. మనం ఫోనులో వినే ఆ పాట ఆ ఒక్క ప్లేటు నుండి వచ్చినదే. అది ఎవరి ఇంట్లోనైనా పగిలి ఉంటే, ఫోనులో వినడానికి ఏమీ ఉండేది కాదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు 1963లో గానం చేసిన వేంకటేశ్వర సుప్రభాతం వంటిది రికార్డు నుండి కేసెట్టుకూ, కేసెట్టు నుండి ఫోనుకూ మారుతూ నిలిచే ఉంటుంది. అటువంటి వాటికి తొలి అచ్చు వినికిడికి సంబంధించిన విషయం. మూలం నశించిన వాటికి, మిగిలిన ప్లేటే మూలం. దాని వెనుక మరేమీ లేదు.

ఇక నా తప్పు చెబుతాను.

నేను ఎం.ఏ. ముగించిన సంవత్సరం నానా కాలం చేశారు. పెట్టె నాకు దక్కింది. సరస్సు మీది ఉప్పుగాలికి ప్లేట్ల మీద తెల్లని బూజు పట్టి ఉన్నది. నాకు అప్పటికి జాజ్ గురించి చాలా తెలుసు. ప్లేట్ల గురించి ఏమీ తెలియదు. మందుల దుకాణంలో స్పిరిట్టు సీసా కొని, మెత్తని గుడ్డ తడిపి, పైనున్న ప్లేటును తుడిచాను. అది కపిలవాయి వారి పద్యాల ప్లేటు. గుడ్డకు నలుపు అంటింది. మురికి పోతున్నదనుకొని మరింత గట్టిగా తుడిచాను. తడిగుడ్డను లేబులు మీద కూడా తిప్పి, దాని రంగు కూడా చెరిపాను. ఆరిన తరువాత చూస్తే ప్లేటు ముఖం వెలవెలబోయి ఉన్నది. ముల్లు పెడితే గాడిలో నిలువక జారిపోయింది. బుసబుసమనే శబ్దం తప్ప గొంతు లేదు.

మా వీధి వడ్రంగి ఆ మాట విని, తలపట్టుకున్నాడు. "అయ్యో, అది లక్క గదయ్యా! మేము బీరువాలకు పాలిష్ పెట్టేది లక్కను స్పిరిట్టులో కరగబెట్టే. నన్నొక్క మాట అడగకపోతివి" అన్నాడు. నా డిగ్రీలకు తెలియనిది అతని చేతులకు తెలుసు.

అప్పటి నుండి ఆ ప్లేటు కోసం వెదుకుతూనే ఉన్నాను. హైదరాబాదు జుమేరాత్ బజారులో తుప్పుపట్టిన తాళాల మధ్య, చెన్నైలోని పాత సామాన్ల అంగళ్లలో, సెలవు దొరికినప్పుడల్లా వెదికాను. కపిలవాయి వారి ప్లేట్లు వేరేవి చూచాను. అది మాత్రం దొరకలేదు. అసలు దొరికినా గుర్తుపట్టగలనో లేదో! ఆ ప్లేటు సంఖ్యను నేను ఎన్నడూ రాసుకోలేదు. ఆ నున్నని వలయంలో ఏముందో చూడలేదు. నాకు మిగిలినదల్లా, నానా ఆ పద్యం చివరి రాగాన్ని ప్లేటుతో పాటు మెల్లగా తీసేవారన్న జ్ఞాపకం. ఆ రాగాన్ని నేను అనుకరించబోతే, ప్రతిసారీ కొంచెం వేరుగా వస్తుంది. నా పరంపరలో నేనే నమ్మరాని రావీని.

తిరుమల మ్యూజియములో తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనల రాగిరేకులను మొదటిసారి చూచినప్పుడు చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యులు తండ్రి పాటలు చెడిపోరాదని రాగిమీద చెక్కించాడు. వేల పాటలు, ప్రతి పాటకూ తలపై రాగం పేరు. అక్షరం చెక్కుచెదరలేదు. కాని ఆ రాగంలో ఆయన ఎట్లా పాడారో రాగి చెప్పలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి మహనీయులు మన కాలంలో కొత్తగా స్వరాలు కూర్చవలసి వచ్చింది. రాగిరేకు మాటను దాచింది, గొంతును దాచలేకపోయింది. ఆ గొంతును దాచగల పలక మానవునికి దొరికి నూటపాతికేళ్లకు పైగా అయింది. అది రాగి వలె గట్టిది కాదు. చేయి జారితే పగులుతుంది, ఎండకు వంగుతుంది, స్పిరిట్టుకు కరుగుతుంది. అంత పెళుసైన దానికి మనం అంత పెద్ద బాధ్యతను అప్పగించాము.

నా విద్యార్థీ, ఇదే నా సమాధానం. పాటకు వెల లేదు, అది ఫోనులో ఊరికే వస్తుంది, నిజమే. కాని ఆ ఊరికే రావడం వెనుక, ఎక్కడో ఎవరో ఒక ప్లేటును పగలకుండా కాపాడిన చేయి ఉన్నది. తొలి అచ్చుకు నేనిచ్చే డబ్బు, ఆ చేతులలో నాదీ ఒకటి కావాలన్న ఆశకు చెల్లించే సుంకం.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ ఇండ్ల అటకల మీద ఇటువంటి పెట్టెలు ఉండవచ్చు. బురకథలు, పద్యాలు, ఖవ్వాలీలు, నాతులు ఉండవచ్చు. పాత సామాన్ల వానికి వేసే ముందు ఒక్కసారి తెరిచి చూడండి. ప్లేట్లను ఒకదానిపై ఒకటి పేర్చక, పుస్తకాల వలె నిలువుగా ఉంచండి. తుడవవలసి వస్తే కొద్దిపాటి నీటితో లేబులు తడవకుండా తుడిచి, వెంటనే ఆరబెట్టండి; లక్క ప్లేటుకు స్పిరిట్టు ఎన్నడూ తగిలించకండి. లేబులు మీది పేర్లూ, సంఖ్యలూ, నున్నని వలయంలోని గుర్తులూ ఒక కాగితం మీద రాసుకోండి. వీలైతే తెలిసినవారి చేత ఆ ధ్వనిని కంప్యూటరులోకి ఎక్కించండి. అన్నిటికంటె ముందు, ఆ పెట్టెను కొన్నవారు ఇంకా మీ ఇంట్లో ఉంటే, వారి పక్కన కూర్చొని వినండి.

నానా పెట్టె ఇప్పుడు నా గదిలో ఉన్నది. గొంతు పోయిన ఆ ప్లేటును నేను పారవేయలేదు. అన్నిటికంటె ముందు వరుసలో పెట్టుకున్నాను. కొత్త ప్లేటు దేనిని ముట్టుకోబోయినా, మొదట నా చేతికి తగిలేది అదే.